గేటుకు తగ్గ కుక్క

శంషాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొన్నవాడు మొదట బోరు వేయిస్తాడు. తర్వాత ప్రహరీ లేపుతాడు. ఆ తర్వాత, ఇల్లింకా పునాదుల్లో ఉండగానే, రెండు లారీలు ఒకేసారి పట్టేంత గేటు పెట్టిస్తాడు. గేటు పెట్టిన రాత్రి నుంచి ఆయనకు దొంగల భయం పట్టుకుంటుంది. లోపల ఇసుక కుప్ప, నాలుగు సిమెంటు బస్తాలు, ఒక విరిగిన తట్ట తప్ప ఏమీ లేకపోయినా సరే, కాపలా కుక్క కావాలి. తెల్లారేసరికి ఫోను: “అన్నా, మంచి బ్రీడ్ చెప్పు. చూడంగనే భయపడాలె.”

ఎవరు భయపడాలి? ఈ ఒక్క ప్రశ్న మాత్రం అడగకూడదు. అడిగితే మాటలు తెగిపోతాయి.

ఇక కుక్కపిల్లను వెతికే తీరు చూడాలి. పెళ్లి సంబంధాలు చూసినంత నిష్ఠగా చూస్తారు. తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఏ దేశం నుంచి దిగాడు, ఒడ్డూ పొడుగూ ఎంత, చెవులు నిలబడతాయా వాలిపోతాయా, కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం ఉందా, మైక్రోచిప్ ఉందా? మూడు తరాల వంశవృక్షం చేతికొస్తే గాని అడ్వాన్సు కట్టరు. ఇంత జాగ్రత్తపరుడు ప్లాటు కొన్నప్పుడు లింకు డాక్యుమెంట్లు ఒక్క తరానివైనా తిరగేశాడా అంటే, లేదు. బ్రోకరు “మనోడే” అన్నాడు, ఈయన సంతకం పెట్టాడు.

ఇక్కడికి దగ్గర్లోనే ముచ్చింతల్‌లో రామానుజులవారు 216 అడుగుల ఎత్తున సమతామూర్తిగా కూర్చున్నారు. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని వచ్చి ఆవిష్కరించారు. గుట్టుగా ఉంచమన్న మంత్రాన్ని గోపురమెక్కి అందరికీ వినిపించాడని చెప్పుకునే మహానుభావుడాయన. ఆయన చూపు ఆనేంత దూరంలో లేచిన విల్లాల్లో మనిషిని కులం అడగడం మర్యాద కాదని పైకి మానేశారు. ఆ ముచ్చట కాస్తా కుక్క దగ్గర తీర్చుకుంటున్నారు.

సరే, వరుసగా వరుల్ని చూద్దాం.

జర్మన్ షెపర్డ్ అందరికీ తెలిసినదే. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే జర్మన్ సైనికాధికారి ఓ ప్రదర్శనలో గొర్రెలు కాసే కుక్కను చూసి మనసు పారేసుకున్నాడు. కొని, కొత్త పేరు పెట్టి, దానికోసం ఓ సంఘమే స్థాపించి, జాతిని నిలబెట్టాడు. గొర్రెల కాపరి పని దాని పేరులోనే ఉంది. శంషాబాద్ మండలంలో గొర్రెలు ఇంకా ఉన్నాయి, వాటిని మేపే గొల్లకురుమలూ ఉన్నారు. కానీ ఈ కుక్క వాళ్ల దగ్గర ఉండదు, వాళ్ల పొలాలు కొన్నవాళ్ల దగ్గర ఉంటుంది. మంద మేయడానికి మిగిలిన గడ్డిని చూసి ప్రహరీ లోపలినుంచి మొరుగుతూ ఉంటుంది.

డాబర్‌మన్ కథ ఇంకా రసవత్తరం. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని ఆపోల్డా అనే ఊళ్లో కార్ల్ లూయీ డాబర్‌మన్ అని ఒకాయన ఉండేవాడు. పన్నులు వసూలు చేయడం ఆయన పని, ఊళ్లో తిరిగే కుక్కల్ని పట్టడమూ ఆయన పనే. పన్ను అడగబోయినవాణ్ని జనం ఏ ఊళ్లోనూ పూలదండలతో ఆహ్వానించరు. అందుకని తన పక్కన నడవడానికి, ఎదుటివాడి గుండెలో రాయి పడేలా చేయడానికి ఆయన ఈ జాతిని పుట్టించుకున్నాడు. అంటే డాబర్‌మన్ పుట్టిందే పన్ను ఎగ్గొట్టేవాణ్ని దారికి తేవడానికి. మన దగ్గర దాని ఉద్యోగం సరిగ్గా తిరగబడింది. ఆస్తిపన్ను బకాయి కాగితం పట్టుకుని బిల్ కలెక్టర్ గేటు దగ్గరికి రాగానే, లోపలినుంచి “కుక్కను ఇడిసిన, జర జూస్కో” అని కేక వినిపిస్తుంది. ఆపోల్డాలో ఆ పెద్దాయన ఆత్మ ఎంత క్షోభిస్తున్నదో.

రాట్‌వైలర్ కసాయివాళ్ల బండి లాగిన కుక్క. లాబ్రడార్ నీళ్లలో పడ్డ వలనో పిట్టనో నోట కరుచుకుని తెచ్చి యజమానికి అప్పజెప్పే కుక్క. దొంగ వస్తే టార్చిలైటు కూడా అందిస్తుంది. హస్కీ సైబీరియా మంచులో బండ్లు లాగిన జాతి, కొత్తవాళ్లను చూస్తే మురిసిపోయే స్వభావం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో దానికి ఏసీ గది, వాచ్‌మన్‌కు రేకుల గది. ఏసీ గదిలో పడుకున్న కుక్క గేటును ఎట్లా కాస్తుందని అడగొద్దు. గేటే దాన్ని కాస్తోంది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో, టోసా, కాకేసియన్ షెపర్డ్, ఇట్లా 23 రకాల కుక్కలు మనుషులకు ప్రమాదకరం, వాటి దిగుమతినీ అమ్మకాన్నీ ఆపండి, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి అని దాని సారం. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది, సంబంధించిన వాళ్లనెవరినీ అడగకుండా రాశారని. చట్టం సంగతి అట్లా ఉంచండి. ఆ నెల రోజుల్లో ఆ జాబితాకు వచ్చినంత ప్రచారం ఏ కెన్నెల్‌కూ డబ్బు పెట్టినా రాదు. అంతవరకు నాలుగు పేర్లకు మించి తెలియనివాళ్లకు ప్రభుత్వం 23 పేర్లు ఉచితంగా నేర్పింది. “అన్నా, గవుర్మెంటే భయపడ్డదంటే ఇగ దొంగ భయపడడా?” తర్కంలో తప్పేముంది?

అన్నిటికంటే పైన కూర్చున్న వరుడు బెల్జియన్ మాలినోయ్. 2011లో అబోటాబాద్‌లో బిన్ లాడెన్ ఇంటిమీద దిగిన అమెరికన్ దళం వెంట కైరో అనే మాలినోయ్ ఉంది. అంతే, మన బ్రీడరుకు ఇంకో మాట అక్కర్లేకపోయింది: “లాడెన్‌ను పట్టిన కుక్క సార్!” వెంట వెళ్లిన మాట నిజమే. కాకపోతే ఆ కుక్క ఎత్తయిన గోడల మధ్య దాక్కున్నవాణ్ని కాపాడడానికి వెళ్లలేదు, పట్టడానికి వెళ్లింది. ఈ తేడా ఎత్తయిన గోడలు కట్టుకున్న మనవాళ్లకు ఎందుకు తట్టదో నాకు తెలియదు.

మాలినోయ్ ఏం చేయగలదో చూడాలంటే అబోటాబాద్ దాకా పోనక్కర్లేదు. ఔటర్ రింగు రోడ్డెక్కి మొయినాబాద్ వైపు పోతే ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీ ఉంది. పోలీసు జాగిలాలు తయారయ్యేది అక్కడే. శిక్షణ ఎనిమిది నెలలు. అది కుక్క ఒక్కదానికే కాదు, కుక్కకూ దాని హ్యాండ్లర్‌కూ కలిపి. వాళ్లిద్దరూ కలిసే నేర్చుకుంటారు, కలిసే పాసింగ్ అవుట్ పరేడ్‌లో నడుస్తారు, ఉద్యోగమూ జంటగానే చేస్తారు. పేలుడు పదార్థాల వాసన పట్టేది వేరు, నేరం జరిగిన చోటు నుంచి జాడ తీసే ట్రాకర్ వేరు. అన్నీ ఒక్క కుక్కకే నేర్పాలన్న దురాశ వాళ్లకు లేదు, ఎందుకంటే వాళ్లకు పని తెలుసు.

మన విల్లాలో చదువు వేరే. మాస్టారు స్కూటీ మీద వస్తాడు. వారంలో కొన్ని పూటలు, పూటకో గంట. సిట్, స్టాండ్, షేక్ హ్యాండ్ అయ్యేసరికి యజమానికి ఓపిక అయిపోతుంది. “అటాక్ ఎప్పుడు నేర్పుతవ్ భాయ్?” అని తొందర. మాస్టారు చేతికి గోనెసంచి చుట్టుకుంటాడు, వాచ్‌మన్ కొడుకు చేతికి కర్ర ఇచ్చి దొంగ వేషం వేయిస్తాడు. కుక్క గోనె కరుస్తుంది. అందరూ వీడియో తీస్తారు. చదువు పూర్తయింది.

పని తెలిసిన శిక్షకుడు మొదట నేర్పేది కరవడం కాదు, వదలడం. కరిచే కుక్క ఏ సందులోనైనా దొరుకుతుంది. పట్టు మీద ఉన్నప్పుడు ఒక్క మాటకు వదిలేసే కుక్కే తర్ఫీదు పొందిన కుక్క. దానికి పునాది పిల్లగా ఉన్నప్పుడే పడాలి. మూడో వారం నుంచి మూడు నెలలు దాటేదాకా దానికి రకరకాల మనుషులు, చప్పుళ్లు, పిల్లలు, గొడుగులు, ఆటోలు అన్నీ పరిచయం కావాలి. అప్పుడు గాని ఏది మామూలు, ఏది అనుమానం అని దానికి తెలియదు. మనవాళ్లు ఆ వయసులోనే దాన్ని గొలుసుకు కట్టి, “బయటోళ్లు ముట్టొద్దు, మెత్తబడతది” అంటారు. అట్లా పెరిగిన కుక్కకు లోకమంతా దొంగే. పక్కింటి పిల్ల సైకిలు బెల్లు కొట్టినా దొంగే.

పైగా ఇదంతా ఇంగ్లిష్ మీడియం. నాయనమ్మ “ఛీ, పో” అంటే దానికి ఎక్కదు. “గో” అనాలి. ఆమెకు ఇంగ్లిష్ నేర్పడం మాస్టారి ప్యాకేజీలో లేదు.

ఇంతకీ దాని యజమాని ఎవరు? కాగితం మీద ఉన్నాయన గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో ఉంటాడు. ఫోనులో సీసీ కెమెరా తెరిచి “బ్రూనో, బ్రూనో” అని పిలుస్తాడు, అది స్పీకరు వైపు చూసి ఆవులిస్తుంది. అన్నం పెట్టేది, స్నానం చేయించేది, గోమార్లు ఏరేది, జ్వరమొస్తే పశువుల డాక్టరు దగ్గరికి మోసుకుపోయేది వాచ్‌మన్. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన మనిషి. కుక్క కాగితాలు చదవదు గనక అతడే దానికి దొర. అసలు దొర సంక్రాంతికి విమానం దిగి, పావుగంటలో గేటు దగ్గరికి చేరి, చీకట్లో చిన్న గేటు తోసుకుని వస్తే అది ఎగబడి మొరుగుతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అది తన డ్యూటీ సరిగ్గా చేసిన రాత్రి అదొక్కటే.

మిగతా రోజుల్లో అది ఎవరిమీద మొరుగుతుంది? గమనించండి. నడిచి వచ్చేవాడి మీద, సైకిలు మీద వచ్చేవాడి మీద, భుజాన సంచి ఉన్నవాడి మీద. కారులో వచ్చేవాడికి తోక ఊపుతుంది. ఇది దానికి ఎవరూ పాఠంగా చెప్పలేదు. దొర ఎవరికి లేచి నిలబడతాడో, ఎవరిని గేటు బయటే నిలబెడతాడో చూసి నేర్చుకుంది.

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక అపార్ట్‌మెంటుకు భోజనం పార్సిల్ తెచ్చిన కుర్రాడి మీదికి జర్మన్ షెపర్డ్ వచ్చింది. తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు, నిమ్స్ ఆసుపత్రిలో చనిపోయాడు. ఇరవై మూడేళ్లు. అదే ఏడాది మే నెలలో మణికొండలో పరుపు డెలివరీకి వెళ్లిన ఇంకొకతను డాబర్‌మన్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి దూకి ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కుక్కలు కాపలా కాసింది ఎవరి నుంచి? వాళ్లను యాప్‌లో పిలిచింది ఆ ఇళ్లవాళ్లే. జంతువు విషయంలో యజమాని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ రాసిన శిక్ష ఆర్నెల్ల దాకా జైలు, లేదంటే ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పెద్ద జాతి కుక్కకు నెల మేతే అంతకు మించుతుంది.

గేటు లేనివాళ్ల మాట కూడా చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో ఇదే శంషాబాద్‌లో కూలి చేసుకుని బతికే దంపతుల ఏడాది బిడ్డను వీధికుక్కలు చంపేశాయి. కాపలా అవసరం నిజంగా ఉన్నది అక్కడ. అక్కడ ఏ బ్రీడ్ మంచిదని ఎవరూ ఎవరికీ ఫోను చేయలేదు. ఇంకో సంగతి. ముచ్చట తీరాక, పిడుదు జ్వరం ఖర్చు పెరిగాక, చెవులు నిలబడక పరువు తీశాక, వంశవృక్షం ఉన్న కుక్కల్లో కొన్ని ఔటర్ సర్వీసు రోడ్డు మీద కారు దిగుతాయి. వాటి కాగితాలు ఇంట్లో బీరువాలోనే ఉంటాయి. వాటి పిల్లలకు మాత్రం రేపు మనం వీధికుక్కలని పేరు పెడతాం, మున్సిపాలిటీని తిడతాం.

చిరుత సంగతి చెప్పకపోతే శంషాబాద్ వాళ్లు నొచ్చుకుంటారు. 2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున గొల్లపల్లి వైపు నుంచి ఒక చిరుత విమానాశ్రయం ప్రహరీ దూకింది. దాదాపు 5,500 ఎకరాల ప్రాంగణం, చుట్టూ గోడ, పైన కంచె, లోపల కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, వాళ్లకో జాగిలాల దళం. చిరుత బోర్డింగ్ పాస్ చూపించకుండానే లోపలికి వచ్చింది. అటవీశాఖవాళ్లు బోన్లు పెట్టి, కెమెరాలు కట్టి, మేకను ఎరవేసి నాలుగైదు రోజులకు పట్టుకున్నారు. జూపార్కులో పరీక్షించి నల్లమలలో వదిలారు. ఆ వారం చుట్టుపక్కల విల్లాలవాళ్లు గార్డ్ డాగ్ గురించి మరీ ఆత్రపడ్డారు. అడవి పక్క ఊళ్లలో ఏ ముసలాయన్ను అడిగినా చెబుతాడు, చిరుత ఊళ్లోకి వచ్చేదే చాలాసార్లు కుక్క కోసం. అది దానికి ఇష్టమైన తిండి. అటవీశాఖ మేకతో సరిపెట్టింది. మనవాళ్లు మూడు తరాల సర్టిఫికెట్ ఉన్న ఎరను గేటు దగ్గర కట్టేసి పెట్టారు.

అసలు దొంగ దగ్గరికి వద్దాం. ఎయిర్‌పోర్టులో కుక్క పేలుడు పదార్థాన్ని పసిగట్టగలదు. బంగారాన్ని పేస్టు చేసి ఒంట్లో దాచుకొచ్చేవాణ్ని మాత్రం కస్టమ్స్ మనిషే అతని నడక చూసి, కళ్లు చూసి పట్టాలి, ఎందుకంటే బంగారానికి వాసన ఉండదు. శంషాబాద్‌లో దొంగతనమయ్యే అసలు సరుకు భూమి. దానికీ వాసన ఉండదు. 2008లో విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచి ఇక్కడ గజం ధర పైకే లేస్తోంది, దించే విమానం ఇంకా కనిపెట్టలేదు. ఆ ధరకు ఆశపడినవాడు ప్రహరీ ఎందుకు దూకుతాడు? పగటిపూట తెల్లచొక్కా వేసుకుని ఫార్చ్యూనర్‌లో వస్తాడు. సోఫాలో కూర్చుని టీ తాగుతాడు. కుక్క తల నిమిరి, “అరే, మాలినోయ్ ఆ? మస్తుంది” అని ఓ బిస్కెట్ వేస్తాడు. అదే ప్లాటును వేరే ఇద్దరికి అప్పటికే అమ్మి ఉంటాడు.

లేదా అది 1996 నాటి 111 జీవో కింద ఉన్న 84 ఊళ్లలో ఒకటై ఉంటుంది. జంట జలాశయాల పరీవాహకం, పెద్ద కట్టడాలు కుదరవు. బ్రోకరు మాత్రం “జీవో రేపో మాపో పూర్తిగ పోతది” అని ఇరవై ఏళ్లుగా అదే నమ్మకంతో చెబుతున్నాడు. లేదా చెరువు శిఖం. లేదా సర్వే నంబరు ఒకరిది, పొజిషన్ ఇంకొకరిది. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. రెండు పోర్టళ్ల మధ్య తహసీల్ ఆఫీసు మెట్లెక్కి దిగే రైతును అడగండి, రాత్రి గోడ దూకే దొంగ ఎంత మర్యాదస్తుడో చెబుతాడు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకోవడానికి అయ్యే ఖర్చు కుక్క మెడపట్టీ ఖరీదు కాదు. కానీ ఈసీని గొలుసుకు కట్టి గేటు ముందు తిప్పలేం కదా.

అయినా కుక్క కావాలి, కాపలాకే కావాలి అని ఒట్టేసి చెప్పేవాళ్లుంటే, వాళ్లకో మాట. కొల్లేటి చుట్టూ జొనంగి అని ఒక జాతి ఉంది. పొట్టి వెంట్రుకలు, ముడతలు పడ్డ నుదురు. మామూలు కుక్కలా మొరగదు, ఓ వింత కూత కూస్తుంది. ఎండాకాలం నేల తవ్వుకుని చల్లటి గుంటలో పడుకుంటుంది, ఏసీ అడగదు. బాతుల మందల్ని కాసింది, ఇంటినీ కాసింది. కొల్లేరు చేపల చెరువులై బాతుల మేత తగ్గేసరికి దానికి పని పోయింది. కర్నూలు జిల్లా పందికోన కుక్కలున్నాయి, కొండల్లో వేటకూ కాపలాకూ పేరుపడ్డవి. కర్ణాటకలో ముధోల్ ఉంది. 2020 ఆగస్టు 30న ప్రధాని రేడియోలో దాని పేరు చెప్పి, దేశీ జాతులు పెంచుకోండి అన్నారు. 2024లో లక్నోలో జరిగిన అఖిల భారత పోలీసు పోటీల్లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ ట్రాకింగ్‌లో విదేశీ జాతుల్ని వెనక్కి నెట్టి మొదటి స్థానం కొట్టింది. ఈ ఎండకు, ఈ గోమార్లకు, ఈ తిండికి అలవాటుపడ్డ ఒళ్లు వీటిది. చిన్నప్పుడు ఇంట్లో నలుగురి మధ్య తిరగనిచ్చి, టీకాలు వేయించి, రాత్రి గొలుసు విప్పితే చాలు, ఊళ్లో ఎవరు కొత్తో అవి చెప్పేస్తాయి.

ఇదంతా ఓపిగ్గా విన్నాడు పాల్మాకుల దగ్గర 300 గజాలు కొన్న ఒక మిత్రుడు. జొనంగి ఫొటో ఫోనులో పెద్దది చేసి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“దొంగను పడ్తదా?”

“పడ్తది.”

“తిండి?”

“ఇంట్ల మిగిలింది తింటది.”

“రోగాలు?”

“తక్కువ.”

చాలాసేపు ఆలోచించాడు. ఫోను తిరిగిచ్చేశాడు.

“అంత మంచిగనే ఉన్నది గని అన్నా, ఊరకుక్క లెక్కుంటదే. గేటుకు పదిహేను లచ్చలు పెట్టిన. దీన్ని కట్టేస్తే మా బామ్మర్ది ఏమనుకుంటడు?”